మనిషి స్వభావం: హాబ్స్ నుంచి కాలువ చివరి ఊళ్ల దాకా

మనిషి పుట్టుకతో స్వార్థపరుడా, కాదా అన్న ప్రశ్నను తీరిక ఉన్నవాళ్ల చర్చ అని తీసిపారేయడం తేలిక. కానీ చట్టం రాసేవాడి మనసులో, బడిలో నియమాలు పెట్టేవాడి మనసులో, ఆఫీసు గుమ్మం దగ్గర వేలిముద్ర యంత్రం బిగించేవాడి మనసులో దీనికి ఏదో ఒక జవాబు ముందే ఉంటుంది. వదిలేస్తే జనం దోచుకుంటారని నమ్మినవాడు ఒకరకం నిబంధన రాస్తాడు. చెప్పి చూస్తే వింటారని నమ్మినవాడు మరొకరకంగా రాస్తాడు. ఆ నిబంధన కింద ఏళ్ల తరబడి బతికిన జనం మెల్లగా దానికి తగ్గట్టే తయారవుతారు. రెండు వేల ఏళ్లకు పైగా తత్వవేత్తలు, జీవశాస్త్రవేత్తలు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ఆర్థికవేత్తలు ఈ ప్రశ్న మీద చెప్పినదంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది: చాలామంది మనుషులు పూర్తి స్వార్థపరులూ కాదు, త్యాగమూర్తులూ కాదు. తక్కినవాళ్లు ఏం చేస్తున్నారో, ఏం చేస్తారని తాము నమ్ముతున్నారో దాన్నిబట్టి నడుచుకుంటారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టేదీ కూలగొట్టేదీ మనం చేసుకున్న ఏర్పాట్లే. కాబట్టి మానవ స్వభావం గురించి ఒక సమాజం ఏం నమ్ముతుందన్నది ఆ సమాజంలోని మనుషుల ప్రవర్తనకు తానే ఒక కారణం అవుతుంది.

తత్వవేత్తల జవాబులు దాదాపు అన్నీ ఏదో ఒక పాలనకు పునాదిగా చెప్పినవే. థామస్ హాబ్స్ 'లెవియాథన్' అచ్చయిన 1651 నాటికి ఇంగ్లండులో అంతర్యుద్ధం ఆఖరి దశలో ఉంది. రాజు తల తెగి రెండేళ్లయింది. అందరినీ అణచి ఉంచే ఒక అధికారం లేకపోతే ప్రతివాడూ ప్రతివాడి మీద యుద్ధానికి దిగుతాడని ఆయన తేల్చాడు. నూరేళ్ల తర్వాత, 1755లో రూసో దీన్ని తలకిందులు చేశాడు. ఆస్తి, దాంతోపాటు పెరిగిన అసమానత మనిషిని పాడుచేశాయే తప్ప ఆదిలో అతనిలో ఆ క్రూరత్వం లేదన్నాడు. ఈ జంట ఐరోపాకే ప్రత్యేకం అనుకోనక్కర్లేదు. వాళ్లకు దాదాపు రెండు వేల ఏళ్ల ముందే చైనాలో మెన్షియస్, బావిలో పడబోతున్న పసిబిడ్డను చూస్తే ఎవరి గుండెయినా ఉలిక్కిపడుతుందని, మంచితనానికి మొలక అదేనని వాదించాడు. షున్‌జి ఆ మాట కొట్టేసి, మనిషి స్వభావం చెడ్డదే, శిక్షణే దాన్ని దిద్దుతుందన్నాడు. మన దేశంలో కౌటిల్యుడు దండం లేని లోకంలో మాత్స్యన్యాయం నడుస్తుందని, పెద్ద చేప చిన్న చేపను మింగుతుందని చెప్పి రాజదండానికి సమర్థన వెతుక్కున్నాడు.

వీళ్లందరికన్నా నా వాదానికి దగ్గరగా వచ్చింది పాళీ భాషలోని అగ్గఞ్ఞ సుత్తం. అందులో తొలి మనుషులకు వరి దానంతటదే పండుతుంది. ఏ పూటకాపూట కోసుకుని తింటారు. ఒకడికి బద్ధకమేసి రెండు పూటలకు సరిపడా ఒకేసారి తెచ్చుకుంటాడు. వాణ్ని చూసి మరొకడు రెండు రోజులకు తెచ్చుకుంటాడు. ఇంకొకడు నాలుగు రోజులకు, మరొకడు ఎనిమిది రోజులకు. నిలవ పెట్టడం మొదలయ్యాక వరి మళ్లీ మొలవడం ఆగిపోతుంది. పొలాలకు గట్లు పడతాయి, దొంగతనం వస్తుంది, దొంగను శిక్షించడానికి అందరూ కలిసి ఒకణ్ని ఎన్నుకుని తమ పంటలో వాటా ఇస్తారు. ఈ కథలో ఎవరూ పుట్టు దుర్మార్గులు కారు. మొదటివాడు సోమరి, అంతే. తక్కినవాళ్లు అతణ్ని చూసి మారారు. చెడు పాకిన తీరును ఇంత సూటిగా పట్టుకున్న రచన పాత తత్వశాస్త్రంలో మరొకటి నా దృష్టికి రాలేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ వాదం జీవశాస్త్రం చేతికి వచ్చింది. డార్విన్ పేరు చెప్పి బలవంతుడిదే రాజ్యమనేవాళ్లు ఆయన 1871లో రాసిన 'ది డిసెంట్ ఆఫ్ మ్యాన్' చదవరు. సానుభూతి, తోటివారి మెప్పు కోసం ఆరాటం, ఒకరికొకరు సాయపడే గుణం ఉన్న తెగలు అవి లేని తెగల మీద గెలుస్తాయని ఆయన అందులో రాశాడు. ఆయన పక్షాన వాదించడంలో పేరు మోసిన హక్స్‌లీ మాత్రం ప్రకృతిని నిత్య సంగ్రామంగా చిత్రించాడు. సైబీరియా చలిలో జంతువులను ఏళ్ల తరబడి గమనించిన క్రపోట్కిన్ దానికి జవాబుగా వరుసగా వ్యాసాలు రాసి, 1902లో వాటిని పరస్పర సహాయం మీద ఒక పుస్తకంగా తెచ్చాడు. ఈ తగవు చాలాకాలం అభిరుచుల తగవుగానే ఉండిపోయింది. 1964లో హామిల్టన్ దానికి లెక్క కట్టాడు. సాయం చేసినవాడికి కలిగే నష్టం కన్నా, పొందినవాడికి కలిగే లాభాన్ని రక్తసంబంధపు దగ్గరితనంతో గుణిస్తే వచ్చేది ఎక్కువైతే, ఆ సాయగుణం తరతరాలకూ నిలుస్తుంది. చుట్టరికం లేనివాళ్ల మధ్య కూడా ఇచ్చిపుచ్చుకోవడం ఎలా నిలుస్తుందో 1971లో ట్రివర్స్ చూపించాడు. తర్వాత దాదాపు పదేళ్లకు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ మీద ఒక పోటీ పెట్టాడు. రెండేసి ప్రోగ్రాములు పదేపదే తలపడతాయి, ప్రతిసారీ కలిసిరావడమో మోసగించడమో ఎంచుకోవాలి. అనటోల్ రాపపోర్ట్ పంపిన 'టిట్ ఫర్ టాట్' అక్కడికి వచ్చినవాటన్నిటిలో చిన్నది. ముందు మంచిగా ఉండు, తర్వాత ఎదుటివాడు ఏం చేస్తే అదే చెయ్యి అన్నదే దాని నియమం. మొదటి పోటీలో గెలిచింది. ఆ సంగతి తెలిసి మరీ 62 ప్రోగ్రాములు దిగిన రెండో పోటీలోనూ అదే గెలిచింది.

ఇక్కడ ఒక అపార్థాన్ని తొలగించాలి, ఎందుకంటే అది చాలా నష్టం చేసింది. రిచర్డ్ డాకిన్స్ 1976లో జన్యువును స్వార్థపరురాలు అన్నాడు. ఆ మాట జన్యువులు ఏ లెక్కన నిలుస్తాయో చెప్పేది. వాటిని మోసే మనిషి మనసు ఎలాంటిదో అందులో లేదు. బిడ్డ కోసం ప్రాణమిచ్చే తల్లిని తయారుచేసిందీ అదే లెక్క. అయినా పుస్తకం పేరు మాత్రమే విన్న లక్షలమందికి, మనిషి స్వార్థపరుడని సైన్స్ రుజువు చేసిందన్న భావన మిగిలింది. నిజానికి పసిపిల్లల మీద జరిగిన పరిశీలనలు వేరేదే చెబుతున్నాయి. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 18 నెలల పిల్లల ముందు ఒక పెద్దమనిషి చేతిలోది జారవిడిచినట్టు, అందుకోలేకపోతున్నట్టు నటించేలా చేశారు. పిల్లల్లో అత్యధికులు ఎవరూ అడక్కుండానే, మెప్పు ఆశ లేకుండానే లేచివెళ్లి అందించారు. రెండేళ్ల తర్వాత చేసిన మరో ప్రయోగం ఇంకా లోతైనది. సాయం చేసిన ప్రతిసారీ బొమ్మ బహుమతిగా పొందిన 20 నెలల పిల్లలు, తర్వాత బహుమతి లేనప్పుడు సాయం తగ్గించారు. బహుమతి ఏదీ పొందని పిల్లలు ముందులాగే సాయం చేస్తూ పోయారు. ఈ ఫలితం దగ్గరికి మళ్లీ రావలసి ఉంటుంది.

ఇరవయ్యో శతాబ్దపు మధ్యలో మనస్తత్వ శాస్త్రం మనిషిని చాలా నల్లగా చూపించింది. నాజీ శిబిరాల నీడలో ఆ చూపు అర్థమయ్యేదే. 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రమ్ చేసిన ప్రయోగం గురించి విననివాళ్లు తక్కువ. అవతలి గదిలో ఉన్నవాడు తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు పెంచమని శాస్త్రజ్ఞుడి వేషంలో ఉన్నవాడు చెబితే, 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్లారు. షాకులు ఉత్తుత్తివన్న సంగతి వాళ్లకు తెలియదు. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. మిల్‌గ్రమ్ మాత్రం ఆగలేదు, ఏర్పాటు మారుస్తూ ఇరవై దాకా రూపాల్లో దాన్ని చేశాడు. ఆజ్ఞ ఇచ్చేవాడు గదిలోంచి వెళ్లి ఫోనులో మాట్లాడినప్పుడు చివరిదాకా వెళ్లినవాళ్లు 40 మందిలో 9 మంది. పక్కన కూర్చున్న మరో ఇద్దరు, మేం చెయ్యం అని లేచిపోయినప్పుడు చివరిదాకా వెళ్లినవాళ్లు నలుగురే. అదే నగరం, అదే రకం మనుషులు, అదే యంత్రం. 26 నాలుగుకు పడిపోవడానికి కావలసిందల్లా కాదనే ధైర్యం ఉన్న ఇద్దరు తోటివాళ్లు. 2009లో జెర్రీ బర్గర్ ఈ ప్రయోగాన్ని కొంత మార్చి మళ్లీ చేసినప్పుడు, నీకు గత్యంతరం లేదు, కొనసాగించాల్సిందే అన్న సూటి ఆజ్ఞ దాకా వచ్చినవాళ్లెవరూ ముందుకు వెళ్లలేదు. తాము ఒక మంచి పనికి తోడ్పడుతున్నామని నమ్మించినంతసేపే మనుషులు కదిలారు. అంటే ఆ ప్రయోగం చూపించింది గుడ్డి విధేయతను అనడం కన్నా, ఎవరి పక్షాన నిలబడాలో చుట్టూ చూసి తేల్చుకునే గుణాన్ని అనడం సబబు.

1971 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నేలమాళిగలో ఫిలిప్ జింబార్డో నడిపిన ఉత్తుత్తి జైలు కథ ఇంకా బలహీనమైనది. రెండు వారాలు అనుకున్నది ఆరు రోజుల్లో ఆపేయాల్సి వచ్చింది, కాపలాదారులు తమంతట తామే క్రూరులైపోయారు అని దశాబ్దాలపాటు చెప్పారు. కఠినంగా ఉండమని కాపలాదారులకు ముందే సూచనలు వెళ్లాయని తీబో లె తెక్సియే పాత రికార్డులు తవ్వి చూపించాడు. అంతకుముందే హాస్లమ్, రైషర్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు బీబీసీ కోసం అలాంటి జైలునే ఏర్పాటుచేసి, ఎలా ఉండాలో చెప్పకుండా వదిలేస్తే, కాపలాదారుల్లో కట్టు కుదరలేదు, ఖైదీలు ఒక్కటయ్యారు. ఇక మూడో కథ న్యూయార్కుది. 1964 మార్చిలో కిటీ జెనొవీస్ అనే యువతిని వీధిలో పొడిచి చంపుతుంటే 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఊరుకున్నారని 'న్యూయార్క్ టైమ్స్' రాసింది. మహానగర మానవుడి రాతిగుండెకు అది ప్రపంచమంతా ఉదాహరణ అయింది. 38 మంది మొదటినుంచీ చివరిదాకా చూశారనడానికి ఆధారం లేదని 2007లో ముగ్గురు పరిశోధకులు కోర్టు రికార్డులతో సహా నిరూపించారు. 2019లో ఆమ్‌స్టర్‌డామ్, లాంకస్టర్, కేప్‌టౌన్ నగరాల సీసీ కెమెరాల్లో నమోదైన 219 వీధి తగాదాలను పరిశీలిస్తే, పదింట తొమ్మిదింటిలో కనీసం ఒక్కరైనా అడ్డుపడ్డారు. ఎక్కువమంది ఉన్నచోట ఎవరో ఒకరు కదిలే అవకాశం పెరిగింది కూడా.

అయితే, నల్లటి బొమ్మను చెరిపి తెల్లటి బొమ్మ గీయాలన్నది నా ఉద్దేశం కాదు. ఆర్థికవేత్తల ఆటలు ఆ మాటకు ఒప్పుకోవు. ఒకరికి కొంత సొమ్మిచ్చి, అవతలివాడితో పంచుకో అంటారు. ఇచ్చిన వాటా అతను కాదంటే ఇద్దరికీ ఏమీ దక్కదు. స్వార్థమే లెక్క అయితే మొదటివాడు రూపాయి విదిలిస్తే చాలు, రెండోవాడు కళ్లకద్దుకోవాలి. నగరాల్లో చదువుకున్న విద్యార్థులు చాలాచోట్ల సగానికి కాస్త తక్కువ ఇస్తారు, మరీ తక్కువ ఇస్తే కాదంటారు. జోసెఫ్ హెన్రిక్ బృందం ఇదే ఆటను 15 చిన్న సమాజాల్లో ఆడించింది. పెరూ అడవుల్లో కుటుంబానికి కుటుంబంగా విడివిడిగా బతికే మచిగెంగ జనం సగటున 26 శాతం ఇచ్చారు, అది తక్కువని దాదాపు ఎవరూ కాదనలేదు. ఇండోనేషియాలో పెద్ద పడవల మీద జట్లుగా తిమింగలాల వేటకు వెళ్లే లమలెర ఊరివాళ్లు సగం కన్నా ఎక్కువే ఇచ్చారు. రోజూ బతుకు కోసం పక్కవాడి మీద ఎంతగా ఆధారపడాలో, సంతలో ఎంతగా కొత్తవాళ్లతో బేరమాడాలో, దాన్నిబట్టి పంపకం మారింది. నలుగురు కలిసి ఉమ్మడి కుండలో డబ్బు వేసే మరో ఆటలో మొదటి వంతుల్లో చాలామంది సగం దాకా వేస్తారు. కొందరు వెయ్యరు. వెయ్యనివాళ్లను చూసి వేసేవాళ్లు తగ్గిస్తారు, చివరికి కుండ దాదాపు ఖాళీ అవుతుంది. వెయ్యనివాడికి జరిమానా విధించే అవకాశం ఇస్తే, తమ చేతి డబ్బు ఖర్చుపెట్టుకుని మరీ విధిస్తారు, కుండ మళ్లీ నిండుతుంది. 2001లో ఫిష్‌బాకర్, గాష్టర్, ఫేర్ లెక్క చూస్తే దాదాపు సగంమంది ఇతరులు వేస్తే వేస్తామనే రకం, మూడోవంతుకు దగ్గరగా ఏ పరిస్థితిలోనూ వెయ్యని రకం. అగ్గఞ్ఞ సుత్తంలోని ఆ సోమరి, అతణ్ని చూసి మారినవాళ్లు ఇక్కడ సంఖ్యలతో సహా కనిపిస్తారు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని డేవిడ్ హ్యూమ్ ఎప్పుడో లేవదీశాడు. మనుషులందరూ మోసగాళ్లు కాకపోవచ్చు, కానీ రాజ్యాంగం రాసేటప్పుడు అందరూ మోసగాళ్లే అనుకుని రాయడం మేలు కదా అన్నాడు. మంచివాడికి ఆ నిబంధన వల్ల నష్టమేముంది, చెడ్డవాడికి కళ్లెం పడుతుంది అన్నది ఆ తర్కం. వినడానికి అన్యాయంగా అనిపించదు, మన ప్రభుత్వ కార్యాలయాల్లో సగం నిబంధనలు దీని మీదే నడుస్తాయి. తప్పంతా మంచివాడికి నష్టం లేదన్న ఊహలోనే ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లలను పగలు చూసుకునే పది కేంద్రాల్లో కొందరు తల్లిదండ్రులు సాయంత్రం ఆలస్యంగా వచ్చేవారు. ఆరింటిలో ఆలస్యానికి జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. జరిమానా ఎత్తేశాక కూడా పాత స్థాయికి దిగలేదు. 2000లో నీజీ, రుస్టికీని ప్రచురించిన ఈ ఫలితానికి అర్థం కష్టమైనదేమీ కాదు. అంతకుముందు ఆలస్యం అంటే అక్కడి పంతులమ్మను ఇబ్బంది పెట్టడం. జరిమానా వచ్చాక అది డబ్బిచ్చి కొనుక్కునే సేవ అయింది. బొమ్మ కోసం సాయం చేయడం నేర్చి, బొమ్మ లేకపోతే మానేసిన ఆ 20 నెలల పిల్లలకు జరిగింది కూడా ఇదే. అందరినీ దొంగలుగా చూసే నిబంధన దొంగను పట్టుకుంటుందో లేదో గానీ, దొంగ కానివాడికి ఒక సమాచారం ఇస్తుంది: నీ చుట్టూ ఉన్నవాళ్లు దొంగలు, మాకు తెలుసు. పక్కవాణ్ని చూసి నడుచుకునే మనిషికి అంతకన్నా విషపు సమాచారం లేదు. జరిమానా అసలే పనికిరాదని దీని అర్థం కాదు. ఉమ్మడి కుండ ఆటలో జరిమానాయే కుండను నింపింది. ఆ జరిమానా వేసింది ఆటలో తమతోపాటు డబ్బు పెట్టినవాళ్లు, వేసింది వెయ్యనివాడి మీద. తేడా అక్కడే ఉంది.

ఆటలు ఆటలే, బతుకులో ఇది నిలుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు దొరికిన చోట్లలో ఒకటి మన రాయలసీమ. 1968లో గారెట్ హార్డిన్ ఉమ్మడి బీడు గురించి రాసిన వ్యాసం ప్రపంచ విధానాలనే మలుపు తిప్పింది. అందరిదీ అయిన గడ్డిలో ప్రతివాడూ మరో పశువును తోలుతాడు, చివరికి బీడు మాడిపోతుంది, ప్రభుత్వమో సొంత ఆస్తో తప్ప మూడో దారి లేదన్నాడు. ఎలినార్ ఆస్ట్రమ్ స్విట్జర్లాండు కొండ మేతలు, జపాను ఊరుమ్మడి అడవులు, స్పెయిన్ కాలువలు వరుసగా పరిశీలించి, శతాబ్దాలుగా మూడో దారిలో నడుస్తున్న జనాన్ని 1990లో తన పుస్తకంలో చూపించింది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమె. దాదాపు అదే కాలంలో, 1988లో, రాబర్ట్ వేడ్ 'విలేజ్ రిపబ్లిక్స్' అనే పుస్తకం రాశాడు. కర్నూలు జిల్లాలో 41 ఊళ్లను చూసి రాసిన పుస్తకం అది. మానవ స్వభావం మీద తెలుగు నేల నుంచి ప్రపంచానికి వెళ్లిన సాక్ష్యాల్లో ఇంత విలువైనది మరొకటి ఉందనుకోను. మన దగ్గర దాన్ని చదివినవాళ్లు తక్కువ కావడం బాధగా ఉంటుంది.

వేడ్ చూసిన ఊళ్లలో కొన్ని, చట్టంతో గానీ పంచాయతీరాజ్‌తో గానీ సంబంధం లేకుండా, తమంతట తామే ఒక ఏర్పాటు చేసుకున్నాయి. ఊరి పెద్దల సభ ఒకటి, ఊరుమ్మడి నిధి ఒకటి, పంటను పశువుల నుంచి కాపాడే కావలివాళ్లు, కాలువ నీటిని మడి మడికీ పంచే నీరుకట్టేవాళ్లు. ఎవరి పొలానికి వాళ్లు నీళ్లు మళ్లించుకోవడం ఉండదు. ఊరంతటికీ కలిపి పెట్టిన మనుషులు మళ్లిస్తారు. కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మందలు మేపుకునే హక్కును కాపర్లకు అమ్మడం, సారా అమ్మే హక్కును ఊరి తరఫున వేలం వెయ్యడం లాంటి వాటితో నిధి నిండుతుంది. ఆ ఊళ్లకు పది మైళ్ల దూరంలోనే ఇలాంటిదేదీ లేని ఊళ్లు ఉన్నాయి. రెండిటిలోనూ ఉన్నవి అవే కులాలు, అదే భాష, అవే పండుగలు. ఒక ఊరివాళ్లు మంచివాళ్లు, మరో ఊరివాళ్లు చెడ్డవాళ్లు అనడానికి ఏ ఆధారమూ లేదు. తేడా కాలువ మీద ఊరు ఎక్కడుందన్నదే. ఎగువన నీళ్లు దండిగా వస్తాయి, తగవు లేదు, కలిసి చేయవలసిందీ లేదు. కాలువ చివర నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎంతొస్తాయో తెలియదు. కలవకపోతే పంట ఎండుతుంది. వరి పక్కనే మెట్ట పైరు కోతకొచ్చే భూముల్లో పశువుల బెడదా అంతే. నష్టం కళ్లముందు కనిపించిన చోట, పక్కవాడు ఏం చేస్తున్నాడో రోజూ కనిపించే చోట, తప్పు చేసినవాడికి ఊళ్లోనే జరిమానా పడే చోట ఆ రైతులే సహకారులయ్యారు. ఏ సంస్కార బోధా లేదు, ఏ మహాత్ముడూ దిగిరాలేదు.

ఇక్కడే నా వాదానికి అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఎదురవుతుంది. ఆ ఊరి నిధి దేనికి ఖర్చయ్యేదో వేడ్ దాచలేదు. కొంత సొమ్ము, కాలువ అధికారులకు ముట్టజెప్పి పక్క ఊళ్ల కన్నా ముందు నీళ్లు తెచ్చుకోవడానికి వెళ్లేది. ఊరి లోపల సహకారం, ఊరి బయట పోటీ. సభలో కూర్చునేది భూమి ఉన్నవాళ్లే, కూలీల కోసం ఆ సభ లేదు. ఈ గీతను ఇంకాస్త పొడిగిస్తే మన సమాజపు అసలు గాయం కనిపిస్తుంది. కులం అన్నది ఆటలోని ఉమ్మడి కుండ లాంటిదే కదా. సాయం, విశ్వాసం, పెళ్లి సంబంధం, అప్పు అన్నీ గీత లోపల. గీత దాటినవాడికి వెలి. వెలి అంటే సాటివాళ్లు తమ ఖర్చు మీద వేసే జరిమానాయే. 1936లో 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ కులం సామాజిక స్పృహనే చంపేసిందని, దానం, సానుభూతి కూడా కులం గడప దాటవని రాశారు. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను ఊచకోత కోసినవాళ్లు అంతకుముందు వాళ్లను కూలి పనులకు పిలవకుండా సాంఘిక బహిష్కరణ పెట్టారు. బహిష్కరణ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఊళ్లో భూమి ఉన్నవాళ్లందరూ మాట మీద నిలబడాలి, మాట తప్పి కూలీని పిలిచినవాడిని నలుగురూ నిలదియ్యాలి. భావోద్వేగాన్ని పక్కన పెట్టి చెప్పాలంటే అది సహకారంలో సాధించిన విజయం. మనుషులు సహకరిస్తారు కాబట్టి మంచివాళ్లు అని ఎవరైనా అంటే, చుండూరు ఆ మాటను నిలవనివ్వదు.

ఈ అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చను, ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా నా వాదం చెక్కుచెదరదు, నిజానికి దానికి పదును వస్తుంది. మనిషి తన వాళ్లను చూసి నడుచుకుంటాడు అన్నది మంచిచెడ్డలకు అతీతమైన మాట. 'తన వాళ్లు' ఎవరన్నదే మిగతాదంతా తేలుస్తుంది, దాన్ని జన్యువులు రాయలేదు. ముజఫర్ షెరీఫ్ 1954లో ఓక్లహామాలో ఒక వేసవి శిబిరానికి 22 మంది అబ్బాయిలను తెచ్చి రెండు జట్లు చేస్తే, కొద్దిరోజుల్లో జెండాలు కాల్చుకునే దాకా వెళ్లారు. ఇద్దరికీ కావలసిన నీళ్ల సరఫరా చెడిపోతే కలిసి బాగుచేసుకున్నారు. అంతకు ఏడాది ముందు ఆయన చేసిన మరో శిబిరంలో పిల్లలు జట్లు కట్టక ముందే స్నేహితులయ్యారు, తర్వాత ఎంత ఎగదోసినా కొట్టుకోలేదు. ఆ శిబిరం గురించి చాలాకాలం ఎవరూ మాట్లాడలేదు. తెలుగునాట కూడా గీతలు కదిలిన సందర్భాలు ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా అంగడిని మూయించిన ఆడవాళ్లు అక్షరాస్యతా కేంద్రాల్లో రాత్రిపూట ఒకచోట కూర్చున్నవాళ్లు. తమ ఇళ్లలో జరిగేదే పక్కింట్లోనూ జరుగుతోందని అక్కడ వాళ్లకు తెలిసింది. ఒక్కొక్క ఇంట్లో సిగ్గుగా మిగిలినది, పదిమందీ చెప్పుకునేసరికి ఉద్యమమై జిల్లాలు దాటింది. వాళ్ల ధైర్యం అంతకు ముందు ఏడాది ఎక్కడ ఉంది? ఉన్నచోటే ఉంది. పక్కావిడ కూడా లేస్తుందన్న నమ్మకమే కొత్తగా వచ్చింది.

మిగిలిన అభ్యంతరం పరిమాణం గురించి. ఊళ్లో, వాడలో, శిబిరంలో అందరికీ అందరూ కనిపిస్తారు. కోట్లమంది మధ్య ఎవరిని చూసి ఎవరు నడుచుకోవాలి? 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి, ఒక్కసారిగా పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిపించింది. ఉద్దేశం ఆస్ట్రమ్, వేడ్ చెప్పినదానికి దగ్గరదే. కానీ కర్నూలు ఊళ్లు తమ అవసరం నుంచి కట్టుకున్నదాన్ని ఇక్కడ జీవోతో పంచిపెట్టారు. చాలాచోట్ల సంఘం అంటే కాలువ మరమ్మతు పనుల బిల్లులు చేతులు మారే చోటు అన్నంతగానే మిగిలింది, నీటి పంపకం మాత్రం ఎప్పటిలాగే అధికారి చేతిలో ఉండిపోయింది. పక్కవాడు న్యాయంగా తీసుకుంటున్నాడో లేదో సంఘం సభ్యుడికి కనిపించే ఏర్పాటు అందులో లేదు. పెద్ద పరిమాణంలో సహకారం సాధ్యం కాదని దీన్నిబట్టి తేల్చేవాళ్లు ఉన్నారు. నాకలా అనిపించదు. కొత్తవాళ్ల మధ్య పంపకంలో అతి న్యాయంగా ఉన్నవాళ్లు హెన్రిక్ లెక్కల్లో సంతలకు అలవాటుపడ్డ సమాజాల నుంచే వచ్చారు. తెలియనివాణ్ని నమ్మడం నేర్చుకోదగ్గ విద్యే. కాకపోతే ఊళ్లో కంటితో చూసి తెలుసుకునేదాన్ని పెద్ద సమాజంలో కొలతలతో, అందరూ చదవగలిగే లెక్కలతో చూపించాలి.

కృష్ణా జలాల తగవునే తీసుకుంటే ఇది ఎంత అక్షరాలా నిజమో కనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రానికి వచ్చిన 811 టీఎంసీల్లో 2015 నుంచి తాత్కాలిక ఏర్పాటు కింద ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. వాటా ఎంతన్నది ట్రిబ్యునల్ తేల్చవలసిన న్యాయప్రశ్న, అందులో తలదూర్చను. కానీ ఏటా వేసవి వచ్చేసరికి శ్రీశైలం, నాగార్జునసాగర్ దగ్గర రగిలే అనుమానానికి వాటాతో పని లేదు. అవతలివాళ్లు లెక్కకు మించి తోడుకుంటున్నారని ఇటువాళ్లు, ఇటువాళ్లు తోడుకుంటున్నారని అటువాళ్లు నమ్ముతారు. నమ్మాక తామూ తోడుకోకపోతే మోసపోయినట్టే. ఈ రెండు పక్కల జనం ఒకే భాష మాట్లాడతారు, ఒకరింటి పిల్లను ఒకరు చేసుకుంటారు. కర్నూలు కాలువ మీద ఎగువ ఊరికీ చివరి ఊరికీ మధ్య ఉన్న సంబంధం లాంటిదే ఇదీ. కాలువల మీద, ఎత్తిపోతల దగ్గర ఎవరెంత తీసుకున్నారో ఎప్పటికప్పుడు నమోదు చేసే టెలిమెట్రీ యంత్రాలు అన్నిచోట్లా పెట్టాలని కృష్ణా నది యాజమాన్య బోర్డులో ఏళ్లుగా చర్చ నడుస్తోంది. కొన్నిచోట్ల పెట్టారు, మిగతా చోట్ల ఖర్చు ఎవరు భరించాలి, ఏ పాయింట్లు కొలవాలి అన్నదగ్గర పని సాగుతూ ఆగుతూ ఉంది. ట్రిబ్యునల్ తీర్పు కోసం చేసే వాదనలో పదోవంతు పట్టుదలతో రెండు ప్రభుత్వాలూ ఆ కొలతలు పూర్తిచేసి, రోజువారీ అంకెలు అటు దాచేపల్లి రైతుకూ ఇటు మిర్యాలగూడ రైతుకూ ఒకేసారి కనిపించేలా పెట్టాలి. తీర్పు ఎటు వచ్చినా దాన్ని రైతులు ఒప్పుకోవడానికి ముందు ఆ అంకెలు వాళ్ల చేతిలో ఉండాలి.